వేపచెట్టు కింద రెండో కూడిక

ఆదివారం ఆరాధన ముగిసి, అయ్యగారు ఆశీర్వాదం పలికి, చివరి ఆమేన్ కాగానే మా గుడి ఖాళీ అవుతుంది. కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళు తీస్తారు. తల్లులు పొయ్యి మీది కూర గుర్తుకొచ్చి వడివడిగా నడుస్తారు. పిల్లలు చెప్పుల కోసం పోట్లాడుకుంటారు. సంఘ కమిటీలో ఉన్న మేము కానుకలు లెక్కపెట్టడానికి లోపల బల్ల చుట్టూ కూర్చుంటాము. సరిగ్గా ఆ సమయానికే బయట వేపచెట్టు కింద, రాతి బల్ల మీద రెండో కూడిక మొదలవుతుంది.

ఆ కూడికకు అధ్యక్షులు లేరు, ప్రసంగీకులు లేరు, కానుక సంచి లేదు. కూర్చునేవారందరూ డెబ్బై దాటినవారు. ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరు అందుకుంటారు. ఉన్నట్టుండి నవ్వులు లేస్తాయి. ఆ నవ్వులకు లోపల మా లెక్క తప్పుతుంది. "పెద్దలూ, కొంచెం నెమ్మది!" అని కిటికీలోంచి కేక వేయడం మాకు ఏళ్ళ తరబడి అలవాటు.

ఆ రెండో కూడికను గురించి చదువరులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఇది వ్రాస్తున్నాము. ఇందులో నవ్వుకొనే సంగతులున్నాయి. మేము సిగ్గుపడవలసిన సంగతి కూడా ఒకటి ఉంది.

బల్ల మీద కూర్చునేవారు

మాది చీరాల దగ్గర ఒక పల్లె. రాతి బల్ల మీద మొదటి చోటు మామ్మగారిది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. బైబిలు ఉమన్‌గా చుట్టుపట్ల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగారు. ఆమె పక్కన ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మాస్టారు, ఆయన భార్య పంతులమ్మగారు. బల్ల చివర పోస్టుమాన్ తాత. ఆయన భార్య ప్రభువు సన్నిధికి చేరి ఆరేళ్ళయింది. కొడుకు హైదరాబాదులో, కూతురు బెంగుళూరులో ఉంటారు. తాత ఒక్కరే వండుకొని తింటారు. ఈ నలుగురూ కాక, మోకాళ్ళు సహకరించిన రోజున వచ్చేవారు మరో అయిదారుగురు.

మామ్మగారు ఒక ఆదివారం ఆధార్ కార్డు చూసుకుంటూ అన్నారు: "నేను పుట్టినప్పుడు మనది మద్రాసు రాజధానిలో గుంటూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం అన్నారు. 1956లో ఆంధ్రప్రదేశ్ అన్నారు. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు. రెండేళ్ళకు దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో బాపట్ల జిల్లా అన్నారు. నేను చూస్తే పుట్టిన వీధిలోనే ఉన్నాను. నేను కదల్లేదు, జిల్లాలే నా చుట్టూ తిరిగాయి!"

పోస్టుమాన్ తాత వెంటనే, "అందుకే అక్కాయ్, నీకు ఉత్తరం వేసేవాళ్ళు అడ్రసు పెన్సిలుతో వ్రాసేవాళ్ళు" అన్నారు.

ఇటువంటి మాటలే అన్నీ. వీటికి అర్థం ఏముంది, కాలక్షేపం తప్ప, అని మేము అనుకునేవారము.

నాలుగు చుక్కలు, నిండు ఏరు

మాస్టారు గుంటూరు వైపు లూథరన్ కుటుంబంలో పుట్టారు. పంతులమ్మగారిది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. హయ్యరు దొరగారు 1842లో గుంటూరుకు వచ్చి మొదలుపెట్టిన పరిచర్య ఆయనకు గొప్ప. 1878 జూలై 3న క్లౌ దొరగారి కాలంలో గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి ఆమెకు గొప్ప. తన ముత్తాత ఆ నీళ్ళలో మునిగినవారేనని ఆమె ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

"మీ అయ్యగార్లు పొదుపరులండీ, నాలుగు చుక్కలతో సరిపెట్టారు. మావాళ్ళు నిండా ముంచారు" అంటారు పంతులమ్మగారు.

"నీళ్ళలో ముంచింది మీవాళ్ళు. పెళ్ళి చేసుకొని నన్ను నిండా ముంచింది మాత్రం నువ్వే" అంటారు మాస్టారు.

యాభై ఏళ్ళు దాటిన కాపురంలో ఈ మాట ఎన్ని వందలసార్లు నడిచిందో! ప్రతిసారీ ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతూనే ఉంటారు. ఒకప్పుడు ఈ రెండు మిషనుల వారు పిల్లనివ్వడానికి కూడా వెనుకాడిన ఇళ్ళున్నాయి. ఇప్పుడు ఆ భేదం వీరి నోట్లో నవ్వుగా మిగిలింది. వాదించి గెలవలేనిదాన్ని కలిసి నవ్వుకొని దాటడం వీరి దగ్గర నేర్చుకోవాలి.

బేడ, అణా, అటుపై నయాపైస

పిల్లలకు ఈ మాటలు వింతగా ఉంటాయి గనుక చెబుతున్నాము. పాత రూపాయికి పదహారు అణాలు. రెండు అణాలైతే బేడ, నాలుగైతే పావలా. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రూపాయికి నూరు పైసలయ్యాయి. ఇక అంగళ్ళలో తగవులు మొదలు. అణాకు ఆరు నయాపైసలని, పావలాకు ఇరవై అయిదని లెక్క. ఒక్కొక్క అణా విడిగా నాలుగుసార్లు మార్చుకుంటే ఇరవై నాలుగే వస్తాయి. నాలుగూ కలిపి ఇస్తే ఇరవై అయిదు. "ఆ ఒక్క పైస ఎవరు తిన్నారు?" అని ఊళ్ళో పెద్దలు కూడా తలపట్టుకున్నారట. అప్పటికి పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లవాడైన మాస్టారు మాత్రం ఆ పైస గుట్టు ముందే కనిపెట్టి, నలుగురి అణాలు పోగుచేసి మార్చి, మిగిలిన పైసతో బఠాణీలు కొనుక్కునేవారట.

"అది లెక్క వచ్చినవాడి కూలి" అంటారు మాస్టారు.

"మరి గుళ్ళో వేయమని మీ నాయన బేడ ఇస్తే అణా వేసి అణా మిగిల్చావే, అది ఏ లెక్క?" అని మామ్మగారు అడుగుతారు. ఆ పక్కనే కూర్చొని చూసిన సాక్షి ఆమె. ఈ ప్రశ్నకు మాస్టారి దగ్గర నేటికీ జవాబు లేదు. పావలా బిళ్ళ చెల్లుబాటు 2011 జూన్ 30తో పోయింది గానీ, ఆ అణా బాకీ మాత్రం బల్ల మీద ఇంకా నడుస్తూనే ఉంది.

ముందు ఏడుపు, తరువాత చదువు

పోస్టుమాన్ తాత చెప్పే టెలిగ్రాం కథ లేకుండా ఈ కూడిక పూర్తికాదు. ఆ రోజుల్లో పల్లెకు టెలిగ్రాం వచ్చిందంటే చావు కబురే అనుకొనేవారు. ఒకసారి తాత టెలిగ్రాం పట్టుకొని ఒక ఇంటి ముందు సైకిలు దిగారు. స్టాండు వేసేలోపే ఆ ఇంటి ముసలమ్మ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు వచ్చి గొంతు కలిపారు. ఎవరో నీళ్ళు తెచ్చారు, ఎవరో అయ్యగారి కోసం పరుగెత్తారు. ఎవరు పోయారో మాత్రం ఎవరికీ తెలియదు. చివరకు ఒక పెద్దాయన, "ముందు చదవవయ్యా" అంటే తాత విప్పి చదివారు. మనుమడు పుట్టాడు, తల్లీబిడ్డా క్షేమం!

వీధంతా నిశ్శబ్దం. అప్పుడు ఆ ముసలమ్మ కళ్ళు తుడుచుకొని, "సరే, ఏడ్చిన ఏడుపు దండగ పోకూడదు. పోయినేడు పోయిన మా అన్నకు జమ కట్టుకోండి" అన్నదట.

2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది. ఆ రాత్రి తాత తనకొక టెలిగ్రాం వస్తుందేమోనని ఎదురు చూశారట. "ఊరందరికీ ఇచ్చాను, నాకు ఒక్కటీ రాలేదు" అని నవ్వుతారు. ఆ నవ్వు వెనుక ఏమున్నదో మేము ఎన్నడూ అడగలేదు.

కోత పండుగ కోడి

అన్నిటికన్నా పెద్ద తగవు కోడిది. ఒక కోత పండుగకు పంతులమ్మగారు ఇంట్లో చెప్పకుండా ఒక పెట్టను కానుకగా పంపారు. వేలంలో మాస్టారు ఆ కోడిని చూసి ముచ్చటపడి పాట పాడారు. ఎదుటి పాట పోస్టుమాన్ తాతది. తాతకు ఆ కోడి ఎవరిదో తెలుసు. తెలిసే పెంచుకుంటూ పోయారు. చివరకు రెండు కోళ్ళ వెల పెట్టి మాస్టారు గెలిచి, మీసం దువ్వుకుంటూ ఇంటికి తెచ్చి వాకిట్లో వదిలారు. అది అటూ ఇటూ చూడకుండా తిన్నగా తన గూట్లోకి పోయి కూర్చుంది!

"మా కోడిని మా చేతే కొనిపించాడు" అని మాస్టారు. "దేవుని ఖజానాకు లాభమే గదా బావగారూ" అని తాత. ఆ ఎక్కువ పెట్టిన డబ్బులో సగం తాత భరించాలా వద్దా అన్న విచారణ ముప్పై ఏళ్ళుగా సాగుతున్నది. తీర్పు చెప్పవలసిన మామ్మగారు ప్రతి వారం వాయిదా వేస్తారు.

నవ్వని రోజు

ఇంత నవ్వే వారు ఏడాదికి ఒక రోజు నవ్వరు. 1977 నవంబరు 19న వచ్చిన తుఫాను, ఉప్పెన కృష్ణా, గుంటూరు జిల్లాల తీరాన్ని ముంచెత్తాయి. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ప్రాణాలు పోయినవారు వేలమంది. మామ్మగారి చెల్లెలి కుటుంబం అక్కడే ఉండేది. పోస్టుమాన్ తాత అప్పుడు అవనిగడ్డ వైపు పనిచేస్తున్నారు.

ఆ తేదీ దగ్గరి ఆదివారం బల్ల మీద మాటలు తక్కువ. ఒక్కసారి మాత్రం తాత నోరు విప్పి, "ఆ తరువాత చాలా రోజులు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. తీసుకునేవాళ్ళే లేరు" అన్నారు. మామ్మగారు ఆయన చేతిమీద చెయ్యి వేసి ఊరుకున్నారు. తరువాత చాలాసేపటికి మాస్టారు మెల్లగా కోడి సంగతి ఎత్తారు. అప్పుడు మాకు అర్థమైంది. ఆ కోడి కథ వారికి తెలియక మళ్ళీ మళ్ళీ చెప్పుకోవడం లేదు. బరువు దించుకోవడానికి చెప్పుకుంటున్నారు.

మేము చేసిన తప్పు

ఇక మా సంగతి. గుడి ఆవరణలో బండ్లు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. వేపచెట్టు దగ్గర రాతి బల్ల తీసివేసి రేకుల షెడ్డు వేద్దామని కమిటీలో మాట వచ్చింది. ఎవరూ కాదనలేదు. "పెద్దలు లోపల కూర్చుంటారులే" అనుకున్నాము. పెద్దలను అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ తీర్మానం వ్రాసుకున్న ఆదివారమే పోస్టుమాన్ తాత గుడికి రాలేదు. హాజరు పుస్తకంలో ఆయన పేరు ఎదుట గీత పెట్టి ఊరుకున్నాము. బయట మామ్మగారు ఒకటికి నాలుగుసార్లు వీధి వైపు చూస్తున్నారు. లోపలికి వచ్చి, "తమ్ముడు రాలేదేం?" అని అడిగారు.

"కొడుకు దగ్గరికి వెళ్ళి ఉంటారులే మామ్మగారూ" అన్నాము, తలెత్తకుండా.

"వెళ్ళడు. పోయిన వారం నేను తీర్పు చెబుతానన్నాను. కోడి బాకీ తేలకుండా అతను ఊరు దాటడు" అన్నారామె.

మాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. సండే స్కూలు పిల్లవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకొని, కర్ర పోటేసుకుంటూ ఎండలో తాత ఇంటికి నడిచారు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పిలిస్తే మూలుగు వినబడింది. పిల్లవాడు పెరటి గోడ దూకి తలుపు తీశాడు. తాతకు మూడు రోజులుగా జ్వరం. లేచి నీళ్ళు తాగే ఓపిక లేదు. సెల్‌ఫోను ఛార్జింగు అయిపోయి మంచం కింద పడి ఉంది. కొడుకు ఫోను చేసి, తీయకపోతే గుళ్ళో ఉన్నారేమో అనుకున్నాడట.

అప్పుడు మేము పరుగెత్తాము. ఆటోలో చీరాల ఆసుపత్రికి తీసుకుపోయాము. ఇంకొక్క రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరుగారు చెప్పారు. సెలైను సీసా కింద కళ్ళు తెరిచిన తాత, మంచం పక్కన మామ్మగారిని చూసి అన్న మొదటి మాట: "తీర్పు నాకు అనుకూలంగా చెబుతావా అక్కాయ్?"

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా పుస్తకంలో ఆయన పేరుంది, ఫోను నంబరుంది, వృద్ధుల కొరకైన ప్రార్థనాంశాల్లో కూడా ఆయన ఉన్నారు. అయినా ఆయన లేని లోటు మాకు తెలియలేదు. కోడి కథ చెప్పుకొని నవ్వుకొనేవారికి తెలిసింది. మేము కాలక్షేపమని కొట్టివేసిన మాటలే ఒక ప్రాణానికి కాపలా కాశాయి.

ఆ రాయి ఎక్కడిది?

తరువాతి ఆదివారం షెడ్డు సంగతి పెద్దలతో చెప్పి, క్షమాపణ అడిగాము. మామ్మగారు కోపగించుకోలేదు. "ఆ రాయి ఎక్కడిదో మీకు తెలుసా?" అని మాత్రం అడిగారు. ఒక్కరికీ తెలియదు.

అది మా మొదటి తాటాకు గుడి గడప రాయి అట. అప్పటి తల్లులు పూట పూటకూ ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి కుండలో దాచి, ఆదివారం గుడికి తెచ్చేవారు. ఆ పిడికెడు బియ్యం అమ్మిన డబ్బుతో కొని, ఎడ్లబండి మీద తెచ్చిన రాయి అది. మామ్మగారి తల్లి ఆ కుండలో వేసిన బియ్యం కూడా అందులో ఉంది. ఇంట్లో గంజి తాగిన రోజున కూడా ఆ పిడికెడు తప్పలేదట.

యొర్దాను దాటినప్పుడు ఇశ్రాయేలీయులు పన్నెండు రాళ్ళు తెచ్చి గిల్గాలులో నిలబెట్టిన సంగతి యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయంలో చూస్తాము. పిల్లలు ఆ రాళ్ళు ఏమిటని అడిగితే పెద్దలు చెప్పాలి. అదీ ఏర్పాటు. మా ఊళ్ళో రాయి ఉంది, చెప్పే పెద్దలున్నారు. అడిగేవారమే లేకపోయాము.

అలాగని వెనుకటి కాలమంతా బంగారమని వారు అనరు. మా కుర్రవాడొకడు, "ఆ రోజులే మంచివి గదా మామ్మా" అన్నాడు. "ఎవరన్నారురా? ఊరబావి దగ్గర మనం దూరంగా నిలబడి, పైవాళ్ళు పోస్తే కుండ పట్టుకునే రోజులు. మశూచి వస్తే ఇల్లు ఖాళీ అయ్యేది. 1975 తరువాత ఆ రోగం మన దేశంలో లేదు, దేవునికి స్తోత్రం. మేము నవ్వుకొనేది ఆ రోజులు మంచివని కాదు, దేవుడు ఆ రోజులు దాటించాడని" అన్నారామె. పాత దినాలే మేలైనవని అనుకోవద్దని ప్రసంగి ఏడో అధ్యాయం చేసే హెచ్చరికకు ఇంతకన్నా మంచి వివరణ మేము వినలేదు.

మన ఇళ్ళలో

చదువరులారా, మీ ఇంట్లోనూ ఒక పెద్దాయన, ఒక మామ్మ ఉండి ఉంటారు. వారు చెప్పిందే చెబుతారని విసుక్కోకండి. పదిసార్లు విన్న కథలో పదకొండోసారి ఒక కొత్త సంగతి బయటపడవచ్చు. సంవత్సరం తప్పు చెబితే అందరి ముందు దిద్దకండి. భోజనానికి వారి పళ్ళెం వేరుగా మంచం దగ్గరకు పంపకుండా, కలిసి కూర్చోబెట్టుకోండి. పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో వారి మాటలు వ్రాయించండి. మీ గుడి గోడలు ఎవరు కట్టారో, మీ ఇంట మొదట ప్రభువును నమ్మినవారు ఎవరో వారినే అడగండి. దూరాన ఉన్న కుమారులు, కుమార్తెలు ఫోనులో "మందులు వేసుకున్నావా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టక, "ఆ టెలిగ్రాం కథ మళ్ళీ చెప్పు నాన్నా" అని అడగండి. మందుల ప్రశ్నకు అవును, కాదు అన్న జవాబే వస్తుంది. కథ అడిగితే గొంతు ఎలా ఉందో తెలుస్తుంది.

యెరూషలేము మరల బాగుపడిన దినాన దాని వీధుల్లో కర్ర పట్టుకొన్న ముసలివారు, ముసలమ్మలు నెమ్మదిగా కూర్చుంటారని, వారి చుట్టూ పిల్లలు ఆడుకుంటారని జెకర్యా ప్రవక్త ఎనిమిదో అధ్యాయంలో చూపిస్తాడు. దేవుడు తన పట్టణానికి ఇచ్చే ఆశీర్వాదంలో పెద్దలు తీరికగా కూర్చునే చోటు కూడా ఉంది. మేము ఆ చోటులో రేకుల షెడ్డు వేయబోయాము.

షెడ్డు ఇప్పుడు గుడి వెనుక వేశాము. బల్ల ఉన్నచోటే ఉంది. దానికి ఆనుకోవడానికి వీలుగా యవనస్థులు ఒక చప్టా కట్టారు. నెలలో ఒక ఆదివారం సండే స్కూలు చివరి అరగంట ఆ చెట్టు కిందే జరుగుతుంది. ఎవరైనా పెద్దలు రాకపోతే మధ్యాహ్న భోజనానికి ముందే ఇద్దరు కుర్రాళ్ళు ఇంటికి వెళ్ళి చూసి వస్తారు.

కానుకలు లెక్కపెట్టేటప్పుడు నవ్వులు ఇప్పటికీ వినబడతాయి, లెక్క ఇప్పటికీ తప్పుతుంది. మళ్ళీ మొదటి నుండి లెక్కపెట్టుకుంటాము. కోడి తీర్పు మాత్రం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.